తిప్పన్న చావు గురించి నడిగడ్డ పాఠకుడి అభిప్రాయం

జూన్ 11, బుధవారం

పన్నెండు సంపుటాల కథలో మూడోది ముగిసింది. మంచు రాజ్యం వాళ్ళ సైన్యం నలభై వేలు. అందరికీ ఎర్ర ఉన్ని శాలువాలు, ఒకే రంగు, ఒకే అంచు. అవి గాలికి రెపరెపలాడుతుంటే ఎంత అందంగా ఉందో రచయిత పేజీన్నర రాశాడు. నేసిందెవరో మాత్రం రాయలేదు. నేను లెక్క వేసి చూశాను. మనిషి రెండు రోజులకొక శాలువా నేస్తే, వెయ్యి మగ్గాల మీద ఎనభై రోజుల పని. ఆ రాజ్యంలో వెయ్యి మగ్గాలు ఎక్కడున్నాయి? మూడు సంపుటాల్లో ఒక్క మగ్గం చప్పుడు కూడా వినపడలేదు. కత్తులు సానబట్టేవాడికి పేరుంది, ఊరుంది, ముగ్గురు పిల్లలున్నారు. నేసేవాడు అసలు పుట్టనే లేదు. అయినా రేపు నాలుగోది మొదలుపెడతాను, ఒంటికన్ను రాణి ఏం చేస్తుందో తెలియకుండా ఉండలేను.

ఈ మాటలు ఎవరితో అనాలి? యాభై ఏడేళ్ళవాడు, నలభై ఏళ్ళుగా గద్వాలలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నవాడు, ఫోనులో రాక్షసుల కథలు చదువుతాడంటే వీధి వీధంతా నవ్వుతుంది. మా ఆవిడ సుభద్రకు చెబితే మాత్రం నవ్వలేదు. "గా ఎర్ర శాలువాలు వానకు రంగు దిగవా?" అని అడిగింది. మంచి ప్రశ్న. రచయిత దానికీ జవాబు రాయలేదు.

ఎల్లుండి శుక్రవారం. 'రాతినది రాజ్యం' నలభయ్యో అధ్యాయం వస్తుంది.

జూన్ 13, శుక్రవారం

వచ్చింది. ఎప్పటిలాగే పొద్దున ఆరింటికి, తేజు పనికి పోకముందే.

నోటితో ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఇక్కడైనా రాసి పెడతాను. 'రాతినది రాజ్యం' రాసేది నా కూతురు తేజస్విని. అమ్రాబాద్ దగ్గర పంచాయతీ కార్యదర్శిగా పనిచేస్తూ, వారానికొక అధ్యాయం కథల యాప్‌లో పెడుతుంది. ఆరు వందల పైచిలుకు మంది చదువుతారు. అందులో మా గద్వాల సీమ పేరు పెట్టుకుని 'నడిగడ్డ పాఠకుడు' అని ఒకడున్నాడు. ప్రతి అధ్యాయం కింద తప్పులు ఎత్తి చూపుతాడు, దానికది "సరే సార్, దిద్దుకుంటాను" అని ఓపికగా జవాబిస్తుంది. ఆ సార్‌ను నేనే. దానికి తెలియదు. దానికీ నాకూ మాటలు లేక రెండేళ్ళు అవుతోంది.

ఇవాళ్టి అధ్యాయం నచ్చలేదు. తిప్పన్న బాటలు నేసే ముసలివాడు. ఆయన మగ్గం మీద బాట నేస్తే నేల మీద నిజంగా బాట పడుతుంది. ఇప్పుడు ధూళి రాణి సైన్యం ఆయన నేసిన బాట మీదుగానే ఊరి మీదికి వస్తోంది. ఆపాలంటే పడుగు కోసేయాలి. కోస్తే నేసినవాడి ప్రాణం పోతుంది. కూతురు వారిజ నది అవతల ఉంది. తిప్పన్న కత్తి పట్టుకుని పడుగు ముందు కూర్చున్నాడు. అక్కడ ఆపేసింది.

పొద్దున్నుంచీ నాలుగు వేళ్ళ బట్ట కూడా నేయలేదు. మధ్యాహ్నం అభిప్రాయం రాశాను. ఇక్కడ ఎక్కించి పెడుతున్నాను:

"అమ్మా, ముప్పై తొమ్మిది అధ్యాయాలు ఓపికగా నడిపి నలభయ్యోదాంట్లో తేలిక దారి పట్టారు. పెద్దవాళ్ళను చంపి కన్నీళ్ళు తెప్పించడం ప్రతి ఫాంటసీలోనూ ఉన్నదే. గురువు పోతాడు, తండ్రి పోతాడు, అప్పుడుగానీ పిల్లకు బలం రాదు. రాయడం చేతగానివాళ్ళు చేసే పని ఇది. తిప్పన్న చనిపోతే నేను ఈ కథ చదవను. తండ్రులంటే ఏమిటో మీకు తెలిసినట్టు లేదు."

చివరి వాక్యం తీసేద్దామనుకుని తీయలేదు. పాఠకుడు ఉన్నమాట అనాలి. అందులో సొంత సంగతేమీ లేదు.

జూన్ 14

జవాబు లేదు. పంచాయతీలో పని ఎక్కువై ఉంటుంది.

జూన్ 16, సోమవారం

జవాబు లేదు. రెక్కల పాముల కథ రెండు సంపుటాలు ఒక్క ఊపున చదివాను. మొదటి పది పేజీలూ వంశాల పట్టిక. పెళ్ళిచూపులకు పోయినా ఇన్ని గోత్రాలు అడగరు. రెండో సంపుటంలో వీరుడు చనిపోతాడు. మూడు పేజీలు అందరూ ఏడుస్తారు, నేను కూడా ఏడ్చాను. తీరా చూస్తే చివర్లో ఏదో గుహలోని నీళ్ళు తాగించి లేపారు. నాకు ఒళ్ళు మండింది. చనిపోయినవాణ్ణి అలా లేపితే ముందు ఏడ్చినవాళ్ళను పిచ్చివాళ్ళను చేసినట్టే. చావంటే చావే అయి ఉండాలి.

తిప్పన్న సంగతి వేరు. ఆయనను లేపమని నేను అనడం లేదు. అసలు చావొద్దంటున్నాను.

జూన్ 20, శుక్రవారం

ఆరింటికి చూశాను. ఆరున్నరకు చూశాను. ఎనిమిదింటికి ఈ నాలుగు ముక్కలు వచ్చాయి: "ఈ కథ ఇక ముందుకు రాయలేను. ఇక్కడితో ఆపేస్తున్నాను. ఇన్నాళ్ళు చదివిన అందరికీ నమస్కారం."

కింద జనం నన్ను ఉతికి ఆరేశారు. పాన్‌గల్ నుంచి ఒకాయన రాశాడు: "నడిగడ్డాయన నోరు మూసుకొని కూసుంటే కథ మంచిగ నడుస్తుండె. పిల్ల మనసు ఇరగ్గొట్టిండు." దానికి నలభై మంది ఔనన్నారు.

సాయంత్రం తేజు వాళ్ళమ్మకు ఫోన్ చేసింది. నేను పక్కన కండెలు చుడుతున్నాను. సుభద్ర మాట్లాడి ఫోన్ పెట్టేసి, "పిల్ల గొంతు మంచిగ లేదు," అంది. "జరమొచ్చిందేమో," అన్నాను నేను. సిగ్గు లేకపోతే సరి.

జూన్ 21, శనివారం

ఇవాళ మగ్గం ఎక్కలేదు. రెండేళ్ళుగా రాయని సంగతి రాస్తున్నాను.

కొత్త పడుగు చుట్టేటప్పుడు పొరలు ఒకదాంట్లో ఒకటి దిగబడకుండా మధ్య మధ్య మందపాటి కాగితం పెడతాం. పాత క్యాలెండర్లు, పెళ్ళిపత్రికలు, ఏది దొరికితే అది. ఆ రోజు అటక మీద గట్టి కాగితాల రిజిస్టరు ఒకటి కనపడింది. లోపల తేజు చేతిరాత. ఎప్పటిదో కాలేజీ పుస్తకం అనుకుని పేజీలు చింపి పొరకొకటి పెట్టి పడుగు చుట్టేశాను.

చుట్టిన పడుగు పైనుంచి విడుస్తుంది కదా. నేస్తూ పోతుంటే ముందు చివరి పేజీ బయటికొచ్చింది. ఒక పిల్ల రాతి నది మీద ఒంటరిగా నిలబడి ఉంది. ఎవరీ పిల్ల, నది ఎందుకు రాయైంది, ఏమీ అర్థం కాలేదు. మూర పొడుగు నేస్తేగానీ ఇంకో పేజీ రాదు. వస్తే అది అంతకు ముందు జరిగింది. అలా ఒక్కో మూర నేస్తూ వెనక నుంచి ముందుకు చదువుతూ పోయాను. అంతకు ముందు ఒక్క నవల చదివి ఎరుగను. ఆ నెల చీరలు ఎప్పుడూ లేనంత తొందరగా దిగాయి. చీరలు కొనే సేటు ఆశ్చర్యపోయాడు, నేను పేజీల కోసం నేస్తున్నానని వాడికేం తెలుసు.

ఇంకా సగం పడుగు ఉండగానే తేజు సెలవుకు ఇంటికొచ్చింది. మగ్గం వెనక వేలాడుతున్న పేజీ చూసింది. అటక మీద వెతికింది. అది ఆరేళ్ళు కూర్చుని రాసుకున్న కథ అట, ఇంకో ప్రతి లేదట. నేనేమన్నానో ఒక్క అక్షరం మరిచిపోలేదు. "కాగితమే గద, ఏమైతది," అన్నాను.

అది అరవలేదు, ఏడవలేదు. సంచి తీసుకుని పొద్దున బస్సెక్కింది. అప్పటికే నేను నలభై పేజీలు చదివి ఉన్నాను. ఆ ముక్క అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పడానికి నామోషీ అనిపించింది. తండ్రిని కదా.

ఆ తర్వాత అది మొదటి నుంచి మళ్ళీ రాయడం మొదలుపెట్టి యాప్‌లో పెడుతోందని సుభద్ర ద్వారా తెలిసింది. నేను కూడా మారు పేరుతో చేరాను. మిగిలిన ఫాంటసీలన్నీ శుక్రవారం నుంచి శుక్రవారం దాకా పొద్దు పోక చదివినవే.

మొత్తం ఎనభై ఆరు పేజీలు. అన్నీ వరసగా పేర్చి ట్రంకులో పెట్టాను. నాలుగు మాత్రం గుంట తేమకు ముద్దైపోయి చదవరాలేదు. చివరి పేజీల్లో తిప్పన్న కనపడడు. ఎందుకు కనపడడో ఆ నాలుగు పేజీల్లో ఉండి ఉంటుంది. వేరే ఊరు పోయాడనుకున్నాను. రెండేళ్ళుగా అలాగే అనుకుంటున్నాను.

జూన్ 24, మంగళవారం

నాలుగు సార్లు రాసి కొట్టేసి, చివరికి ఇది పంపాను: "నా మాట కటువుగా ఉంటే మన్నించండి. కథ ఆపకండి."

గంటకు జవాబొచ్చింది. "మీ తప్పేం లేదు సార్."

ఇది చదివాక నాకు అన్నం సహించలేదు.

జూన్ 29, ఆదివారం

అంచులో పోగుల లెక్క తప్పాను. జానెడు బట్ట నేశాక చూసుకుంటే ఎడమ అంచు గోపురాలు ఒక తీరు, కుడి అంచు గోపురాలు ఒక తీరు. పేక ఒక్కొక్కటే విప్పుకుంటూ కూర్చున్నాం. పట్టు అంచు నేసే నాడెను అవతలి పక్క నుంచి సుభద్ర అందిస్తుంది. ఒకప్పుడు అక్కడ తేజు కూర్చునేది.

విప్పుతూ విప్పుతూ సుభద్ర అడిగింది. "ఎన్ని దినాలు గిట్ల దొంగతనంగ సదువుతవ్?"

"ఏం సదువుతున్న?"

"నాకు తెల్వదనుకుంటున్నవా. నువ్వు ఫోన్ల టిక్కు టిక్కు కొడుతుంటే నేను కండ్లు మూసుకోని కూసుంటున్ననా? ఏం రాసినవో ఏమో, పిల్ల రాసుడు బందు వెట్టింది."

నేను ఇంకో పేక లాగాను.

"ప్రతి శుక్రవారం నన్ను ఏమడుగుతదో ఎర్కేనా? నాయిన చేతులు నొస్తున్నయా, కండ్లు మంచిగ కనవడుతున్నయా అని. నువ్వు పక్కకే కూసుంటవ్. ఒక్కనాడన్న ఫోన్ అందుకుంటివా?"

"అందుకొని ఏమని మాట్లాడాలె?"

"గా ఫోన్ల సంతాడంత రాస్తవ్ గద. గదే నోటితోని అను."

ఆ తర్వాత ఇద్దరం మిగిలింది విప్పాము. జానెడు నేయడానికి పట్టిన దానికంటే విప్పడానికి ఎక్కువ సేపు పట్టింది.

జూలై 3, గురువారం

నాలుగు రోజులుగా మొదటి అధ్యాయం నుంచి నలభయ్యోదాకా మళ్ళీ చదివాను. ఈసారి తప్పులు వెతకలేదు. మామూలు పాఠకుడిలాగా కూర్చుని చదివాను.

మంచి కథ. పన్నెండు సంపుటాల రచయిత దీని దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. ఇందులో సైన్యానికి తిండి వండేవాళ్ళున్నారు, గుర్రాలకు గడ్డి మోసేవాళ్ళున్నారు, జెండాలు నేసేవాళ్ళు కూలి కోసం రాజును నిలదీస్తారు. మంత్రాలున్నాయిగానీ ప్రతి మంత్రానికీ ఎవరో ఒకరి ఒళ్ళు నొస్తుంది. ఊరికే ఏదీ జరగదు. బాట నేసిన ప్రతిసారీ తిప్పన్న వేళ్ళలో ఒకదానికి తిమ్మిరి పడుతుందని మూడో అధ్యాయంలోనే రాసింది. నేనప్పుడు పట్టించుకోలేదు.

ఇప్పుడు పాఠకుడిగా నిజం చెప్పాలి. తిప్పన్న బతికితే కథ చచ్చిపోతుంది. ఆయన బతికున్నంత కాలం వారిజ ఆయన నేసిన బాటల మీదనే నడుస్తుంది. బాట లేని చోటుకు, రాతి నది మీదికి, ఆ పిల్ల అడుగు పెట్టదు. పడుగు కోయాల్సిందే. ఇది ముప్పయ్యో అధ్యాయం నుంచే తెలుస్తోంది. జూన్ 13న కూడా నాకు తెలుసు. తెలిసే ఆ మాటలు రాశాను.

ఆదివారం అమ్రాబాద్ పోతున్నాను. నడిగడ్డ పాఠకుణ్ణి నేనేనని చెప్పేస్తాను. నా మాట పట్టించుకోవద్దంటాను. తిట్టినా సరే, తలుపు వేసుకున్నా సరే, చెప్పిందాకా తిరిగి రాను.

జూలై 7, సోమవారం

నిన్నటి సంగతి అంతా రాయాలి.

పొద్దున ఐదింటికి బస్సెక్కాను. వనపర్తిలో మారాను, నాగర్‌కర్నూల్‌లో మారాను, అచ్చంపేటలో మారాను. సంచిలో ఎనభై రెండు పేజీలు, విడిగా పేపరులో చుట్టిన ఆ నాలుగు ముద్దలు, సుభద్ర చేసిన సర్వపిండి. దారంతా ఏం మాట్లాడాలో వల్లె వేసుకున్నాను. "బిడ్డా, నీ కథ కింద నడిగడ్డ పాఠకుడని ఒకడు రాస్తడు గద" అని మొదలుపెట్టాలని నాగర్‌కర్నూల్‌లో ఖాయం చేసుకున్నాను. మన్ననూరు ఘాట్ ఎక్కేసరికి అది కూడా మరిచిపోయాను.

తేజు ఉండే గది తలుపు వేరే అమ్మాయి తీసింది. హెప్సిబా అట, అక్కడి దవాఖానలో నర్సు, ఇద్దరూ కలిసి ఉంటారు. "ఎవరు గావాలె?" అంది.

"తేజస్విని నాయినను. గద్వాల నుంచి వచ్చిన."

ఆ పిల్ల నన్ను కిందికీ మీదికీ చూసి లోపలికి తిరిగి, "తేజూ, నీ నడిగడ్డ పాఠకుడు వచ్చిండు," అని కేక వేసింది.

 తేజు బయటికొచ్చింది. చిక్కిపోయింది. జుట్టు కత్తిరించుకుంది. నా చేతిలో సంచి తీసుకుని, "గింత దూరం ఒక్కనివే వచ్చినవా నాయినా, కూసో," అంది. నేను కూర్చోలేదు.

"నీకు ఎప్పటిసంది తెల్సు?"

"పన్నెండో అధ్యాయం కాడ. తిప్పన్న కొంగు పోగులు కుడి దిక్కుకెళ్లి అతుకుతడని నేను రాస్తే, తప్పు, ఎడమ అంచుకెళ్లి మొదలువెట్టాలె అని రాసినవ్. గద్వాలల గట్ల అతికేటోడు నువ్వొక్కనివే."

నాది ఎడమ చేతి వాటం. నూలు పడుగుకు పట్టు కొంగు పోగులు అతికేటప్పుడు వేళ్ళకు బూడిద రాసుకుని ఎడమ నుంచి మొదలుపెడతాను. ఊరంతా కుడి నుంచి మొదలుపెడుతుంది. నలభై ఏళ్ళుగా చేస్తున్న పని కాబట్టి లోకమంతా అంతేననుకుని రాసేశాను. ముసుగు వేసుకుని మొహం బయట పెట్టుకున్నానన్నమాట.

"మరి సార్, సార్ అని ఎందుకు రాసినవ్?"

"నాయినా అని రాస్తే నువ్వు మల్ల రాయకపోతుంటివి."

అది నిజం. కచ్చితంగా రాయకపోదును. హెప్సిబా మా ఇద్దరినీ చూసి, చాయ్ పెడతానని లోపలికి పోయింది.

నేను చెప్పాలనుకున్నది ఇంకా చెప్పలేదు కాబట్టి మొదలుపెట్టాను. "గా దినం నేనేదో రాసిన. ఇడిసిపెట్టు. పాఠకులు నూరు అంటరు. ఆళ్ల మాటకు కథ ఆపుతరా?"

"ఉత్త పాఠకుడెవడన్న అంటే ఆపకపోతుంటి," అంది. గోడ వైపు చూస్తూ చెప్పింది. "నీకంటే గలీజుగ రాసినోళ్లు ఉన్నరు. వాళ్లకు జవాబే ఇయ్యలె. గది సదివితే నాకు పాఠకుని మాట ఇనవడలె నాయినా. మా నాయిన నన్ను సంపకు బిడ్డా అన్నట్టు ఇనవడ్డది. మల్ల మూడుసార్లు రాసిన. మూడుసార్లు తిప్పన్న చేతులకెళ్లి కత్తి గుంజుకున్న. బతికిస్తే కథ పోతది. సంపుదామంటే నా చేతులొస్తలేవు. గందుకే బందు వెట్టిన."

ఇన్నాళ్ళూ నా మాట కటువై దాని మనసు విరిగిందనుకున్నాను. నా మాట కటువుగా లేదు. బతిమాలినట్టుంది. అది నాకంటే ముందు దానికి అర్థమైంది. రెండేళ్ళు నేను ఒక్క మాట మాట్లాడకుండా ఉండి, మాట్లాడిన ఒక్కసారీ దాని చేతులు కట్టేశాను. నాకు చాలా సిగ్గేసింది.

సంచిలోంచి పేజీల కట్ట తీసి దాని ముందు పెట్టాను.

"కాగితమే గద అన్న గా దినం. కాగితం గాదని గప్పటికే నాకు తెల్సు. నలుబై పేజీలు సదివి ఉన్న. చెప్పనీకె నామోషి అయింది. తప్పు నాది బిడ్డా."

అది పేజీలు తిరగేసింది. గంజి మరకలు, నూలు మడతల గుర్తులు. "సదివినవా? అన్నీ?"

"అన్నీ. ఎన్కకెళ్లి ముందుకు సదివిన. పడుగు ఎట్ల ఇడిస్తే గట్ల."

అప్పుడు నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నాకూ నవ్వొచ్చింది. రెండేళ్ళలో మేమిద్దరం కలిసి చేసిన పని అదొక్కటే.

"గీ నాలుగు ముడుసుకపోయినయి," అని ముద్దలు చూపించాను. "తిప్పన్న ఎట్ల పోయిండో గిండ్లనే ఉన్నది. ఏం రాసినవో యాదికున్నదా?"

"లేదు. యాదికున్నా పనికి రాదు. గప్పుడు చిన్నగుంటిని, ఏదో రాసిన."

ఇక చెప్పక తప్పలేదు. బస్సులో వల్లె వేసుకున్న వాటిలో ఈ మాట లేదు. "అయితే మల్ల రాయి. తిప్పన్నను సంపు. నేనేమనుకుంటనో సూడకు. సగం సంపి మల్ల లేపినవనుకో, నేను ఊకోను. సరిగ సంపాలె."

"నిజంగ అంటున్నవా?"

"నిజంగనే. నాయినగ గాదు, పాఠకునిగ గాదు, ఇద్దరం కలిసి చెప్తున్నం."

దాని మొహం చూసి ఇంకా నమ్మలేదని తెలిసింది. నమ్మించడానికి నా దగ్గర ఇంకేం లేదు. హెప్సిబా చాయ్ తెచ్చింది, ముగ్గురం సర్వపిండి తిన్నాం. తేజు బస్సు దాకా వచ్చింది. దారిలో రెక్కల పాముల కథ గురించి ఒకటే వాదించుకున్నాం. దానికి ఆ వీరుడు లేచిరావడం నచ్చిందట. ఎంత చెప్పినా వినలేదు. మొండి పిల్ల.

జూలై 11, శుక్రవారం

రాలేదు. ఫోన్‌లో నేనే మాట్లాడాను. కథ సంగతి అడగలేదు.

జూలై 18, శుక్రవారం

రాలేదు. "రాస్తున్న నాయినా, తొందర వెట్టకు," అంది. నేను అసలు నోరు తెరవనేలేదు.

మంచు రాజ్యం ఆరో సంపుటంలో ఒక దర్జీ వచ్చాడు. వచ్చిన పేజీలోనే బాణం తగిలి పోయాడు. అయినా సరే, కొంత నయం.

జూలై 25, శుక్రవారం

నలభై ఒకటో అధ్యాయం ఆరింటికి వచ్చింది. మగ్గం గుంటలో కూర్చుని చదివాను.

తిప్పన్న ఏమీ ఉపన్యాసం ఇవ్వలేదు. చుట్టూ ఎవరూ లేరు. కత్తి పడుగు మీద పెట్టాడు. పెట్టాక, మధ్యలో ఎక్కడో ఒక పోగు తెగి ఉండటం కంటపడింది. కత్తి పక్కన పెట్టాడు. వేళ్ళకు బూడిద రాసుకుని తెగిన పోగు దొరకబుచ్చుకుని అతికాడు. సరిగ్గా పడిందో లేదో వేలితో మీటి, రెండు పేకలు నేసి చూశాడు. అప్పుడు కత్తి తీసుకుని, పెద్ద చప్పుడుతో పట్టు పడుగు మొత్తం కోసేశాడు. నది అవతల వారిజకు మగ్గం చప్పుడు ఆగిపోవడం వినపడింది. అంతే రాసింది. ఏడ్చిందని కూడా రాయలేదు.

రెండోసారి చదివాను. అభిప్రాయం రాశాను. పాత పేరు తీసేసి రాశాను:

"తిప్పన్న చావు బాగుంది. కోయబోయే పడుగైనా సరే, తెగిన పోగును అలా వదిలేయడం నా వల్ల కూడా కాదు. ఒక్క తప్పుంది. పట్టు పడుగు కోస్తే మీరు రాసినంత చప్పుడు రాదు, దిద్దుకోవాలి. రామచంద్రయ్య, గద్వాల."

సుభద్ర అంచు నాడె పట్టుకుని వచ్చి అవతలి పక్క కూర్చోబోతూ నా మొహం చూసి ఆగింది. "ఏమైంది? ఎందుకేడుస్తున్నవ్?"

"నీ బిడ్డ నన్ను సంపింది," అన్నాను. "మంచిగ సంపింది."